రాని బోల్ట్‌ని లాగకండి

పాత పాయింట్ టూ టూ (.22) రైఫిల్ మీ ముందు బల్ల మీద ఉంది. కాల్పులు అయిపోయాయి. శుభ్రం చేసి అప్పగించాలి. గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ పిడి పైకెత్తారు, వెనక్కి లాగారు. సాఫీగా వచ్చింది, వచ్చి టక్కుమని ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగారు. కదల్లేదు. ఇప్పుడు మీరేం చేస్తారన్నదాన్ని బట్టి మీరెలాంటి మనిషో చాలావరకు చెప్పేయొచ్చు.

కొందరు పళ్ళు బిగించి లాగుతారు. కొందరు పిడిని అరచేత్తో కొడతారు. ఇంకొందరు “ఇది పాతదండీ, పని చెయ్యదు” అని పక్కన పెట్టేస్తారు. బహు కొద్దిమంది మాత్రం చేయి తీసేసి, వంగి, “ఎక్కడ పట్టుకుంది?” అని చూస్తారు. ఆ చివరి రకం మనిషిగా ఉండడం నేర్చుకోవచ్చు. కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్.సి.సి. బాధ్యత కూడా చూసిన ఏళ్ళలో నేను పిల్లలకి అన్నిటికన్నా ఇష్టంగా నేర్పింది ఇదే. దీని ఉపయోగం రైఫిల్ దగ్గర మొదలై ఇంటిదాకా వస్తుంది.

మా మాడుగుల కొండ దిగువ ఊరు. ఇక్కడి నుంచి ఘాట్ ఎక్కితే పాడేరు, ఆ పైన చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి ఆయుధాలు పట్టుకెళ్ళింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ కథ వినకుండా పెరిగిన పిల్లలు మా వైపు లేరు. అందుకే తుపాకీ అనగానే వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. కానీ వాళ్ళ ఊహలో తుపాకీ అంటే పట్టుకోవడం, గురి చూడడం, పేల్చడం. పేల్చాక ఏం చెయ్యాలో ఏ సినిమా చూపించదు. ఆగస్టులో ఈ కొండల్లో వాన, పొగమంచు, గోడలకి కూడా చెమ్మ. తుడవకుండా వదిలేసిన ఇనుముకి తుప్పు పట్టడానికి ఒకటి రెండు రాత్రులు చాలు.

మా మండలం నుంచి చోడవరం, అనకాపల్లి కాలేజీలకి వెళ్ళే పిల్లల్లో చాలామంది మనసులో కానిస్టేబుల్ ఉద్యోగమో, ఆర్మీయో ఉంటుంది. ఎన్.సి.సి.లో చేరతారు. క్యాంపులో మొదటిసారి రైఫిల్ చేతికొస్తుంది. పాతిక గజాల దూరం, నేల మీద బోర్లా పడుకుని కొన్ని రౌండ్లు. అయిపోతుంది. ఆ తర్వాత చెట్టు కింద దుప్పటి పరిచి, చిందీ అనే గుడ్డ ముక్కలూ నూనె సీసా పెట్టుకుని కూర్చునే గంట ఉంటుంది చూశారా, క్యాంపు మొత్తంలో మనిషిని తయారుచేసే గంట అదే. పిల్లలు దాన్నే తప్పించుకోవాలని చూస్తారు.

ఒక మాట ముందే చెప్పాలి. పాయింట్ టూ టూ చిన్నదే కావచ్చు, 1959 ఆయుధాల చట్టం కింద అది తుపాకీయే. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకునే వస్తువు కాదు. ఎన్.సి.సి.లోనో, గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్‌లోనో, నేర్పేవాళ్ళ కళ్ళ ముందే చేతిలోకి తీసుకోవాలి. నేను చెప్పేదంతా అలాంటి చోటు గురించే.

అసలు బోల్ట్ ఎందుకు తీయాలి? బ్యారెల్‌ని వెనక నుంచి తుడవడం కోసం. తూటా గొట్టాన్ని వదిలే చోటు మజిల్. అక్కడి అంచు చుట్టూ సమానంగా ఉండాలి. తూటా బయటపడే క్షణంలో దాని వెనక ఉన్న గ్యాస్ అన్ని వైపులా ఒకేసారి విడుదల కావాలి. ఆ అంచు ఒక పక్క అరిగిందంటే గ్యాస్ ఆ పక్క నుంచి ముందుగా తప్పించుకుని తూటా మడమని ఒక తోపు తోస్తుంది. గురి ఎంత బాగా చూసినా దెబ్బ పక్కకి పోతుంది. బోల్ట్ తీసే ఓపిక లేనివాళ్ళు మజిల్ వైపు నుంచే కడ్డీ దూర్చి ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. ప్రతిసారీ కడ్డీ ఆ అంచుకి రాసుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా తుడిచిన పాత రైఫిళ్ళు కాల్చడం వల్ల కన్నా తుడవడం వల్లే ఎక్కువ చెడ్డాయంటారు ఆ పని తెలిసినవాళ్ళు.

ఈ సంగతి పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళు ఆశ్చర్యపోతారు. శుభ్రం చేస్తే పాడవుతుందా? తప్పు వైపు నుంచి చేస్తే పాడవుతుంది. చదువుకునే తమ్ముడిని రోజూ అందరి ముందూ సరిదిద్దే అన్నయ్య చేసే పని ఇదే. ఉద్దేశం మంచిదే, వెళ్ళిన దారి తప్పు.

ఇక బోల్ట్ దగ్గరికి వద్దాం. మొదటి పని లాగడం కాదు. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడడం. మజిల్ మనిషి లేని వైపు, వేలు ట్రిగ్గర్ బయట, మ్యాగజీన్ ఉంటే ముందు అది తీసెయ్యాలి, ఆ తర్వాత బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. ఈ వరస మార్చకూడదు. మ్యాగజీన్ తీయకుండా బోల్ట్ ఆడిస్తే ఇంకో రౌండ్ లోపలికెళ్ళి కూర్చుంటుంది. “ఖాలీ కర్” అని శిక్షణనిచ్చే ఉస్తాద్ కేక వేయగానే పాతికమంది ఒకేసారి చేసే పని ఇది. మీ పక్కవాడు ఇప్పుడే చూసి “ఖాళీ” అని మీకు అందించినా మీరు మళ్ళీ చూడాలి. అతని ఎదురుగానే చూడాలి. అతను నొచ్చుకోడు, ఎందుకంటే రేపు మీరిచ్చినప్పుడు అతనూ అదే చేస్తాడు.

మన ఊళ్ళలో దీనికి అలవాటు తక్కువ. స్నేహితుడు చెప్పాక మళ్ళీ చూస్తే అనుమానించినట్టు అనుకుంటాం. డబ్బు లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటే అదో మర్యాద. చదవకుండా సంతకం పెడితే అదో నమ్మకం. మీ ఇరవై ఏళ్ళ వయసులోనే ఈ అలవాటు మార్చుకోండి. “నువ్వు చెప్పావు, సంతోషం. నేనూ ఒకసారి చూసుకుంటాను” అని నవ్వుతూ అనడం నేర్చుకోండి. అలా అన్నందుకు తెగిపోయే స్నేహం ఉంటే అది ఎలాగూ నిలిచేది కాదు.

ఖాళీ అని తేలింది. ఇప్పుడు బోల్ట్. అది వెనక్కి వచ్చి ఆగిపోతుందని చెప్పాను కదా, ఎందుకు ఆగుతుంది? ఆగకపోతే ప్రతి రౌండ్‌కీ బోల్ట్ ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. కాబట్టి దాన్ని ఆపడానికి లోపల ఏదో ఒకటి ఉండే తీరాలి. ఏది ఆపుతుందన్నదే రైఫిల్‌కీ రైఫిల్‌కీ మారుతుంది. చాలా పాత పాయింట్ టూ టూలలో ట్రిగ్గర్ నొక్కిపట్టి లాగితే బోల్ట్ జారి వచ్చేస్తుంది. కొన్నింటికి ఎడమ పక్క చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కాలి లేదా పక్కకి తిప్పాలి. పాత లీ-ఎన్‌ఫీల్డ్ తీరులో చేసిన శిక్షణ రైఫిళ్ళలో బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తెచ్చి, దాని తలని వేలితో పైకి తిప్పితే గాడి వదులుతుంది, అప్పుడు వెనక్కి లాగాలి. సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ కదలనివ్వని రైఫిళ్ళూ ఉన్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకదానికి పనిచేసిన ఉపాయం ఇంకోదానికి చెయ్యదు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి ఒకటుంది. ట్రిగ్గర్ నొక్కితే వచ్చే రకాన్ని తీసుకోండి. అక్కడ బోల్ట్‌ని ఆపుతున్నది సియర్ అనే చిన్న ఇనుప ముక్క. రైఫిల్ కాక్ అయి ఉన్నప్పుడు స్ప్రింగు బలాన్ని పట్టి ఉంచి, మీరు కోరుకునే దాకా పేలకుండా కాపాడేది అదే. ట్రిగ్గర్ నొక్కితే అది కిందకి దిగి బోల్ట్‌కి దారి ఇస్తుంది. నొక్కకుండా బలంగా లాగారనుకోండి, ఆ లాగుడంతా వెళ్ళి ఆ ముక్క అంచుకే తగులుతుంది. పదే పదే తగిలితే అంచు అరుగుతుంది. అంచు అరిగిన సియర్ ఉన్న రైఫిల్ చిన్న కుదుపుకే పేలొచ్చు. అంటే అడ్డంగా కనిపించి మీకు కోపం తెప్పించిన ఆ ముక్కే మిమ్మల్ని కాపాడుతున్నది. బలంతో మీరు చెడగొట్టేది దాన్నే.

ఒక క్యాంపులో మా మండలంలోని కొండ దిగువ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి బోల్ట్‌తో పెనుగులాడుతోంది. మొహం ఎర్రబడింది. మోకాళ్ళ మధ్య బట్ ఇరికించి రెండు చేతులతో లాగుతోంది. ఉస్తాద్ వచ్చి ఏమీ అనలేదు. ఆమె చేతి మీద తట్టి, “ఛోడో” అన్నాడు. వదిలేసింది. “దేఖో” అన్నాడు. ఆ అమ్మాయి రైఫిల్‌ని వెలుతురు వైపు తిప్పి, బోల్ట్‌ని మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ లోపలికి చూసింది. బోల్ట్ ఆగిన ప్రతిసారీ ఏది తగులుతోందో చూసింది. తర్వాత ట్రిగ్గర్ మీద వేలుంచి కొంచెం నొక్కి, ఆ ముక్క కదలడం గమనించింది. పూర్తిగా నొక్కిపట్టి రెండు వేళ్ళతో లాగింది. బోల్ట్ చేతిలోకి వచ్చేసింది. “ఇంతేనా సార్!” అంది నా వైపు తిరిగి. ఆ “ఇంతేనా” దాకా రావడానికి తను ముందు చేయి వదిలెయ్యాల్సి వచ్చింది.

చేయి వదలడం కష్టం. లాగుతున్నప్పుడు మనం ఏదో చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. వదిలి చూస్తూ కూర్చుంటే చేతకానివాళ్ళలా కనిపిస్తామని భయం. మా మాడుగుల హల్వా వండేవాళ్ళని అడగండి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలని ఊరనిచ్చి, అప్పుడు పొయ్యి ఎక్కిస్తారు. తొందరపడి మంట పెంచితే పాకం ముందుగా రాదు, అడుగంటుంది. కలిపే చేతికి ఎంత సత్తువ కావాలో, మంట పెంచకుండా ఉండే మనసుకీ అంతే కావాలి.

ఇప్పుడు ఇంటికి రండి. కూతురికి విశాఖలో సీటొచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటానంటుంది. తండ్రి వద్దంటాడు. అమ్మాయి లాగుతుంది: “అందరూ పంపుతున్నారు నాన్నా, నువ్వే పంపవు.” తండ్రి ఇంకా బిగుసుకుంటాడు. అమ్మాయి రెండు పూటలు అన్నం మానేస్తుంది. తల్లి ఏడుస్తుంది. మేనమామ వచ్చి తండ్రిని నాలుగు మాటలంటాడు. ఇదంతా బోల్ట్‌ని అరచేత్తో కొట్టడమే. వారం తర్వాత అమ్మాయిని పంపినా ఆ ఇంట్లో ఏదో అరిగిపోయి ఉంటుంది.

అదే అమ్మాయి ఒక సాయంత్రం నాన్న పక్కన కూర్చుని, వాదన పక్కన పెట్టి, “నాన్నా, నన్ను పంపితే నీకు దేనికి బెంగ?” అని అడిగిందనుకోండి. వెంటనే చెప్పడు. ఏదో గొణుగుతాడు. ఆగితే చెబుతాడు. చదువు వద్దని కాదు తల్లీ, శనివారం ఆఖరి బస్సు తప్పితే రాత్రిపూట చోడవరంలో ఒక్కదానివీ ఏం చేస్తావు? అదీ అతని బెంగ. ఇక్కడ పట్టుకుంది. దీనికి జవాబు ఉంది: శనివారం రాను నాన్నా, గాజువాకలో పిన్ని వాళ్ళింట్లో పడుకుని ఆదివారం పొద్దున్న బస్సెక్కుతాను. పావుగంటలో తేలిపోయే విషయం, వారం రోజుల లాగుడుకి లొంగలేదు. తండ్రి “వద్దు” అన్నమాట ఆ అమ్మాయిని కాపాడడానికి పెట్టుకున్న అడ్డే. దాన్ని విరగ్గొట్టి వెళ్ళడం వేరు, అది తనంతట తాను దిగేలా చేసి వెళ్ళడం వేరు.

అన్ని అడ్డులూ మంచి కోసమే ఉంటాయని నేను అనడం లేదు. కేవలం పెత్తనం కోసం, కులం కోసం, కట్నం లెక్కల కోసం ఆపేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మెత్తగా అడిగితే తేలదు, పెద్దల సాయమో చట్టం సాయమో తీసుకోవాలి. అయితే ఏది ఎలాంటి అడ్డో తెలియాలన్నా ముందు చూడాలి కదా. చూడకుండా లాగినవాళ్ళకి రెండింటికీ తేడా ఎప్పటికీ తెలియదు.

చదువులోనూ ఇంతే. ఇంటర్‌లో లెక్కలు రావడం లేదని రాత్రి రెండింటిదాకా అవే లెక్కలు మళ్ళీ మళ్ళీ చేసే పిల్లలు ఉంటారు. కష్టపడుతున్నారు, నిజమే. నాలుగు ప్రశ్నలు అడిగితే తేలుతుంది: పిల్లవాడు ఆగిపోయింది కాలిక్యులస్ దగ్గర కాదు, ఏడో తరగతి భిన్నాల దగ్గర. అది సరిచేస్తే పైది కదులుతుంది. ఆఫీసులో దరఖాస్తు వెనక్కొచ్చినప్పుడు గుమాస్తా మీద అరవడం కన్నా “ఏ కాగితం తక్కువైందండీ? ఒక చీటీ మీద రాసివ్వండి” అని అడగడం పని జరిపిస్తుంది. అరిచినవాళ్ళకి మర్నాడు ఇంకో కాగితం తక్కువవుతుంది.

రాని బోల్ట్ ఇంకో రకం కూడా ఉంది: నిజంగానే తుప్పు పట్టి బిగుసుకున్నది. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవనిది. దీనికి ఏ మీటా లేదు. నూనె చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్యాలి. మర్నాడు మెల్లగా ఆడించి, మళ్ళీ వేసి, మళ్ళీ వదలాలి. అప్పటికీ రాకపోతే ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కి ఇచ్చెయ్యాలి. సుత్తి తియ్యకూడదు. పదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ముల మధ్య ఒక్క పండక్కి అంతా సరైపోవాలని పట్టుబట్టే పెద్దమనుషులకి ఇది చెప్పాలనిపిస్తుంది. ఈ సంక్రాంతికి పలకరింపు చాలు. భోజనం వచ్చే ఏడాది చూద్దాం.

బోల్ట్ చేతికొచ్చింది. ఒకసారి గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. లోపలి గాళ్ళు మెలి తిరిగి వెళ్ళడం కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు కళ్ళు తీయలేరు. తర్వాత పుల్ త్రూ, అంటే ఒక కొసకి బరువు కట్టిన తాడు. బరువున్న కొసని వెనక నుంచి వదిలితే మజిల్ వైపు దిగుతుంది. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఉన్న చిందీ తుడవడానికి, ఒకటిన్నర అంగుళాల వెడల్పుది నూనె పట్టించడానికి. తాడుని తిన్నగా లాగాలి. ఏటవాలుగా లాగితే తాడు కూడా మజిల్ అంచుని కోస్తుంది. ఒకే దిక్కుగా, ఆగకుండా ఒక్క లాగులో. ఆ గంటలో పిల్లలు మాట్లాడుకోవడం మానేస్తారు, ఎవరూ చెప్పకుండానే.

బోల్ట్ ముఖం చూడండి. నల్లటి జిడ్డు ఉంటుంది. పాయింట్ టూ టూ తూటా సీసం గుండుకి పైన మైనం లాంటి పూత ఉంటుంది. కాలినప్పుడు ఆ మైనం, సీసం, మసి కలిసి బోల్ట్ ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద గట్టిపడతాయి. కొక్కెం పూర్తిగా మూసుకోకపోతే ఖాళీ గుల్లని బయటికి లాగలేదు. అక్కడ పళ్ళు తోముకునే పాత బ్రష్ చాలు. నూనె మాత్రం పలచగా. “ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిది” అనుకుని బోల్ట్ లోపల నూనె పోస్తే అది దుమ్ముతో కలిసి బంకలా మారి ఫైరింగ్ పిన్ వేగాన్ని తగ్గిస్తుంది. దెబ్బ చాలక తూటా పేలదు. మెయింటెనెన్స్ అతిగా చేసినా చెడుపే.

ఈ తూటా సంగతి కూడా కొంచెం తెలుసుకోండి, ఎందుకంటే తెలిసి చేసే పనికీ చెప్పినట్టు చేసే పనికీ తేడా ఉంటుంది. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. మందు రాజేసే రసాయనం తూటా అడుగున మధ్యలో ఉండదు, చుట్టూ ఉన్న పలచటి అంచు లోపల ఉంటుంది. పిన్ వచ్చి ఆ అంచుని ఛాంబర్ గోడకేసి నలిపితే పేలుతుంది. 1887లో అమెరికాలో వచ్చిన పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాయే ఈరోజుకీ ప్రపంచమంతా గురి నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉంది. ఈ తీరు వల్ల పాత రైఫిళ్ళకి ఒక బలహీనత: ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి ట్రిగ్గర్ నొక్కితే మధ్యలో ఇత్తడి అంచు ఉండదు కాబట్టి పిన్ వెళ్ళి ఛాంబర్ ఉక్కు అంచునే గుద్దుతుంది. పదే పదే చేస్తే అక్కడ గంటు పడుతుంది. “ఖాళీదే కదా” అని టక్ టక్ మనిపించే కుర్రాడిని ఏ ఉస్తాదూ ఊరుకోడు. కారణం ఇదని కుర్రాడికి చెబితే ఇంకెప్పుడూ చెయ్యడు. పిల్లలకి “వద్దు” అని మాత్రమే చెప్పి వదిలే పెద్దలు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

తీయడం సగం పని. పిల్లల్లో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, తిరిగి పెట్టడం దగ్గర. తుడుస్తున్నప్పుడు బోల్ట్ వెనక భాగం చేతిలో తిరిగి స్ప్రింగు దిగిపోతుంది, కాక్ విడిపోతుంది. అలా విడిన బోల్ట్ చాలా రైఫిళ్ళలో లోపలికి వెళ్ళదు. మళ్ళీ లాగుడు, తోపుడు మొదలు. చెయ్యాల్సిందల్లా వెనక ముక్కని గట్టిగా పట్టి, తిప్పి, దాని గాడిలోకి తిరిగి కూర్చోబెట్టడం. తీసినప్పుడు అది ఎలా ఉందో చూసి గుర్తుపెట్టుకున్నవాళ్ళకి ఇది అరనిమిషం పని. చూడనివాళ్ళకి మధ్యాహ్నం పోతుంది. అందుకే నేను పిల్లలతో తీసేటప్పుడే పైకి చెప్పించేవాణ్ణి: “పిడి కుడివైపు, గాడి కింద, చెవి ఎడమకి.” నోటితో చెప్పింది చెయ్యి మర్చిపోదు.

ఇంకొకటి నంబరు. పాత సైనిక రైఫిళ్ళలో బోల్ట్ మీద, రైఫిల్ మీద ఒకే నంబరు కొట్టి ఉంటుంది. ఒకే కార్ఖానాలో, ఒకే ఏడాది తయారైనవే అయినా ఒకదాని బోల్ట్ ఇంకోదాంట్లో పెట్టకూడదు. బోల్ట్ ముఖానికీ తూటా అడుగుకీ మధ్య ఉండాల్సిన సందు ఏ జతకి ఆ జత చూసి బిగించినది. ఎక్కువైతే తూటా గుల్ల చిట్లుతుంది, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. చాలాచోట్ల భద్రత కోసం బోల్టులు విడిగా తాళం వేసి ఉంచుతారు కాబట్టి కలిసిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే దుప్పటి మీద పది రైఫిళ్ళు పరిచినా ఎవరి ముక్కలు వాళ్ళ ముందే ఉండాలి, నంబరు చదివి పెట్టాలి.

పోటీల్లో ఎంతదూరం వెళ్ళినా ఈ పని తప్పదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో బోర్లా పడుకుని కాల్చే యాభై మీటర్ల ప్రోన్‌లో రజతం తెచ్చింది మాత్రం ఈ పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ తూటాయే. యాభై మీటర్ల అవతల పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. కంటికి దాదాపు కనిపించదు. అంత చిన్న చోట గుండు తర్వాత గుండు పడాలంటే మజిల్ అంచు మీద గీత పడకూడదు, ఛాంబర్‌లో జిడ్డు ఉండకూడదు. ఆ స్థాయి ఆటగాళ్ళు తమ రైఫిల్ లోపలి సంగతి చేతివేళ్ళతో చెప్పగలరు. మనం టీవీలో చూసేది పతకం వేసుకునే రెండు నిమిషాలు.

మా పిల్లలందరూ ఒలింపిక్స్‌కి వెళ్ళరు. చాలామంది రైఫిల్ మళ్ళీ ముట్టుకోరు కూడా. అయినా ఆ గంట వాళ్ళకి ఎక్కడ ఉపయోగపడిందో నాకు తెలుసు. ఒకతను ఇప్పుడు ట్రాక్టర్ మెకానిక్. బిగుసుకున్న నట్టు మీద స్పానర్ వేసే ముందు అది ఎటు తిరిగే మర వేసినదో చూస్తాడు. ఇంకొకామె నర్సు. ముందు డ్యూటీ వాళ్ళు “ఇంజెక్షన్ ఇచ్చేశాం” అన్నా చార్టు తీసి చదువుతుంది. ఇవి పెద్ద ఘనకార్యాలు కావు. వాళ్ళ చేతుల్లో పడిన వస్తువులూ మనుషులూ క్షేమంగా ఉంటారు, అంతకన్నా ఏం కావాలి?

ఎన్.సి.సి.లో చేరాలనుకునే పిల్లలకి ఒక్క విషయం. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి వాళ్ళకి జూనియర్ విభాగం ఉంది, ఇంటర్, డిగ్రీ వాళ్ళకి సీనియర్. ‘సి’ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉంటే డిగ్రీ అయ్యాక ఆర్మీ ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే స్పెషల్ ఎంట్రీ ఉంది. మీ బడిలోనో కాలేజీలోనో యూనిట్ ఉందేమో కొత్త విద్యా సంవత్సరం మొదలవగానే కనుక్కోండి. చేరాక క్యాంపుకి వెళ్తారు, కాలుస్తారు, టార్గెట్ కాగితం మీద మీ గుండ్లు ఎక్కడ పడ్డాయో చూసుకుని మురిసిపోతారు. మురిసిపోండి. ఆ తర్వాత అన్నం గంట కొట్టారని పరిగెత్తకండి. దుప్పటి పరిచిన చోటికి వెళ్ళి కూర్చుని, రైఫిల్ మీ చేతికి రాగానే ఖాళీగా ఉందని చూసుకుని, ఉస్తాద్‌ని అడగండి: “ఉస్తాద్, దీని బోల్ట్‌ని ఏది పట్టుకుని ఉంది?”